బొట్టు పెడితే వస్తాం

మా బజారులో ఫోన్ తెరిస్తే ముందు కనబడేవి వార్తలు కావు, వైఫై పేర్లు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగే. ఎదుటి టీ అంగడిది "టీ తాగితేనే నెట్టు". మూల మీది మందుల షాపుది "దగ్గు పోయిందా". చెప్పులాయన "బయటే వదలండి" అని పెట్టుకున్నాడు. చిత్తూరు బజారు వీధిలో బోర్డుల మీద దేవుళ్ల పేర్లుంటాయి, వైఫైల్లో మా అసలు బుద్ధులుంటాయి.

ఈ పిచ్చి మా వీధికి అంటించింది మా తమ్ముడి కూతురు. తిరుపతిలో చదువుకునేటప్పుడు సెలవులకు వచ్చి, వాళ్ల నాయన అంగడికీ పక్కనే ఉన్న నా అంగడికీ తనే రూటర్లు బిగించింది. వాళ్ల నాయనదానికి "అరువు రేపు" అని పేరు పెట్టింది. నాదానికి "బేరాలు లేవు" అని పెట్టి, గల్లాపెట్టె పక్కన కూర్చుని పడీపడీ నవ్వింది. చీపురు కొనాలన్నా వీధంతా వినబడేట్టు బేరమాడే మనిషిని నేను. "పెదనాయనా, ఈ పేరు సూసి గిరాకీ పారిపోతే నన్ను తిట్టొద్దు" అంది. పేరు మార్చడం ఎలాగో నాకు నేర్పింది కూడా అదే. ఆ ఒక్క విద్యా నేర్పకుండా ఉండాల్సింది.

మా రెండంగళ్లూ ఒకప్పుడు ఒకటే, మా నాయన నడిపిన స్టీలు సామాన్ల అంగడి. ఆయన పోయాక మధ్యలో ప్లైవుడ్ చెక్క కొట్టి చెరి సగం చేసుకున్నాం. చెక్క లేచినా మాటలు ఆగలేదు. ఇద్దరికీ కలిపే టీ చెప్పి, చెక్క మీదుగా గ్లాసులు అందించుకునేవాళ్లం. మాటలు ఆగింది ఒక ఇడ్లీ పాత్ర దగ్గర.

మా బజారుకు ఒక కట్టుబాటు ఉంది. బేరం కుదరక గిరాకీ మెట్టు దిగినా, ముందున్న కాలువ బండ దాటేదాకా ఆ మనిషి ఆ అంగడివాడికే చెందుతాడు. పక్కవాడు పిలవకూడదు. మెట్టు దిగడమంటే పోవడం కాదు, బేరంలో అదీ ఒక మాటే. వెనక్కి పిలుస్తాడని దిగినవాడూ, వెనక్కి తిరుగుతాడని అమ్మేవాడూ ఒకరినొకరు ఓపికతో కొలుస్తుంటారు. మా నాయన మడమ చూడమనేవాడు. "మొగం అబద్ధం సెప్తాదిరా, మడమ సెప్పదు. మడమ తడబడితే పిలవొద్దు, వానంతట వాడే వస్తాడు."

ఆ రోజు ఐరాల నుంచి వచ్చిన ఒకామె ఇడ్లీ పాత్ర అడిగి, బేరం తెగక నా మెట్టు దిగింది. మడమ తడబడింది కూడా. నేను పిలవకుండా లోలోపల నవ్వుకుంటున్నాను. ఆమె ఇంకా కాలువ బండ మీదే ఉంది. "ఇట్ల రాక్కా, నేనిస్తా!" అని పక్కనుంచి మా తమ్ముడి కేక.

"అది నా గిరాకీ రా!" అన్నాను.

"పిలిసింటే నీదయ్యేది. నువ్వు మడమలు సూస్తా కూసుంటివి" అన్నాడు.

వీధి వీధంతా నవ్వింది. ఆ పూట నుంచి టీ ఎవరిది వాళ్లు చెప్పుకున్నాం.

మాట్లాడుకోకపోయినా తిట్టుకోవాలి కదా. వాడు "అరువు రేపు" తీసేసి "మడమల డాక్టరు" అని పెట్టాడు. నేను "బండ మీద దొంగ" అని పెట్టాను. అప్పటినుంచి వారానికో పేరు. టీ అంగడాయన పొద్దున్నే ఫోన్ తెరిచి వీధికి చదివి వినిపించేవాడు. "ఏమప్పా, ఈపొద్దు నీది శానా సప్పగా ఉండాదే" అని నా ముందు గ్లాసు పెట్టేవాడు. నాకూ సరదాగానే ఉండేది. తిట్టేవాడు ఇంకా బేరంలో ఉన్నట్టే.

ఇంతలో పాపకు, అదే మా తమ్ముడి కూతురికి, పెళ్లి కుదిరింది. మా వైపు దగ్గరివాళ్లను ఇంటికో అంగడికో వచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. కార్డు ఒక్కటే ఇస్తే పిలిచినట్టు కాదు. ఒక ఉదయం తమ్ముడూ మరదలూ కుంకుమ భరిణె పట్టుకుని వీధి మొదట్లో బయల్దేరారు. నేను గబగబా గల్లా తుడిచి, రెండు కుర్చీలు వేసి, మా ఆవిడను ఇంటి నుంచి పిలిపించాను. మొదట బెట్టు చేయాలి, రెండో మాటకు మెత్తబడాలి అని అంతా సిద్ధం చేసుకున్నాను. మందుల షాపు అయింది. చెప్పులాయన అయ్యాడు. నాకు అటుపక్క బట్టల అంగడి కూడా అయింది. అక్కడినుంచి వీధి దాటి టీ అంగడికి వెళ్లిపోయారు. మరదలు మాత్రం ఒకసారి వెనక్కి చూసింది.

సాయంత్రం వాడి వైఫై పేరు మారింది: "పెండ్లికి అందరూ రావాల".

"అందర్లో నువ్వూ ఉండావు గదప్పా, పో" అన్నాడు టీ అంగడాయన.

"అందర్నీ పిలిస్తే ఎవుర్నీ పిలవనట్టే" అన్నాను. షట్టర్ దించేలోపే నా పేరు "బొట్టు పెడితే వస్తాం" అని మార్చాను. మర్నాడు వాడిది "కాళ్లుండేవాళ్లు వస్తారు" అయింది.

నాకు ఉత్సాహం వచ్చింది. మొదటి మాట ఊరందరికీ, రెండోది నాకొక్కడికే. అంటే దిగుతున్నాడు. ఇంకాస్త బిగబడితే భరిణెతో వస్తాడు.

"ఇది ఇడ్లీ పాత్ర కాదు, పాప పెండ్లి" అంది మా ఆవిడ.

"నీకు తెల్దు, ఊరుకో. వాని మడమ తడబడతా ఉండాది."

పెళ్లికూతుర్ని చేశాక గడప దాటకూడదని, పాప ఫోన్ చేసింది.

"పెదనాయనా, వస్తావు గదా?"

"మీ నాయన్ను నా మెట్టెక్కి ఒక్క మాట పిలవమను పాపా."

"ఆయన్నడిగితే నువ్వే ముందు మాట్లాడాలంటాడు. మీ ఇద్దరి నడమ నేనేమన్నా సరుకా?"

"అట్లగాదు పాపా..." అనేలోపు పెట్టేసింది.

పెళ్లి తిరుపతిలో. ఆ రోజు కొత్త పంచె కట్టుకుని అంగడికి పోయి కూర్చున్నాను. పక్క షట్టర్ మూసి ఉన్నా వాడి వైఫై పేరు ఫోన్లో కనబడుతూనే ఉంది. పెళ్లి పందిట్లో ఉన్నవాడు ఇక్కడి రూటరు పేరు ఎలా మారుస్తాడన్న ఆలోచన కూడా లేకుండా, మారుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ పట్టుచీరతో మెట్టు ముందు నిలబడింది.

"బస్సు పోతాది. వస్తావా, రావా?"

"కొంచెం తాళు."

"నాకు ఎవురి బొట్టూ వద్దు. నేను పెట్టుకున్నది ఉండాది" అని బస్టాండు వైపు నడిచింది. కాలువ బండ దాటింది. మడమ తడబడలేదు.

సాయంత్రం తాంబూలం సంచితో తిరిగొచ్చింది.

"పాప నన్నడిగిందా?"

"అడగల్యా."

"వాడు?"

"నాకు కుర్చీ ఏసినాడు. పక్కన ఇంకోటి ఏసినాడు. తాళి కట్టేదాకా ఎవుర్నీ దాంట్లో కూసోనీలేదు. ఆ తర్వాత ఎవురో ఎత్తుకోని పొయినారు."

పెళ్లి పనులన్నీ ముగించుకుని తమ్ముడు అంగడి తెరిచిన రోజు, వాడి వైఫైకి పేరు లేదు. రూటరు కొన్నప్పుడు దాని వీపు మీద ఉండే అంకెలూ అక్షరాలూ, అంతే. టీ అంగడాయన రెండుసార్లు చదివి, "ఇదేందప్పా, తిట్టా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

"మరేంది?"

ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చి గల్లా దగ్గరికి పోయాను.

నాది మాత్రం అలాగే ఉంది. కొత్త గిరాకీలు ఫోన్లో చూసి నవ్వుతారు. "బొట్టు పెట్టాల్సింది ఎవురు సామీ?" అంటారు. నేనూ నవ్వి, ధర కాస్త ఎక్కువే చెబుతాను. కుదరక వాళ్లు మెట్టు దిగితే, పక్కనుంచి తమ్ముడు పిలవడు. వాళ్లు కాలువ బండ దాటేదాకా తల వంచుకుని గిన్నెలు తుడుస్తుంటాడు. పక్కంగడివాడితో ఎలా నడుచుకోవాలో, ఇప్పుడు అచ్చం అలాగే నడుచుకుంటున్నాడు.