తమ్ముడి దీపానికి ఒక రోజు

మాంట్రియల్‌లో టోపీలు కుట్టి బతికిన ఫ్రూమా జిల్బర్‌ఫార్బ్‌కి తమ్ముడు హెర్షెల్ ఏ రోజున పోయాడో తెలియదు. పోలండ్‌లో నాజీలు పదేళ్ళవాణ్ణి రైలెక్కించారన్నదే తెలుసు. తిథి తెలియదు గనక, పోయినవాళ్ళకి యూదులు ఏటేటా ఆ రోజున పెట్టే దీపం తనకి ఎనభై ఏళ్ళు దాటినా పెట్టనేలేదు.

మొన్న మనవరాలు రీవా బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "నాజీలు యూదుల్ని చంపారన్నదంతా కట్టుకథ అన్నాడు బామ్మా, మా క్లాసువాడు."

ఇక ఆగలేక ఫ్రూమా యూదు గురువు రబ్బీ దగ్గరికి వెళ్ళింది.

"తెలియనప్పుడు ఒక రోజు మీరే ఎంచుకోవచ్చమ్మా. రైలెక్కించిన రోజు పెట్టుకుందామా?"

"అది వాళ్ళ రోజు నాయనా. నా తమ్ముడిది కాదు."

"మరి అతనిదేది?"

"షవుయోత్ పండగ వెళ్ళిన మర్నాడు ఏట్లో పడి, బూటులో చేపతో లేచాడు. అమ్మ కొట్టబోయి నవ్వేసింది."

"ఇదెక్కడి తిథమ్మా!" అని నవ్వుతూనే రబ్బీ రాసుకున్నాడు.

ఆ రోజు రాగానే ఫ్రూమా దీపం వెలిగించి, రీవాకి ఆ చేప సంగతి చెప్పింది. రీవా ఉండబట్టలేక అడిగింది. "బూటు ఎండిందా బామ్మా?"

"ఎండింది గానీ నీచుకంపు పోలేదే. బడిలో వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు."

"రేపు మా క్లాసులో చెప్పనా?"

"చెప్పు. పేరుతో సహా చెప్పు."