ఓవిలా మూసిన పొగగొట్టాలు

పొగగొట్టాల్లో మసి తీయడం ఓవిలా ఫనెఫ్ పని. ఆయన తండ్రిదీ అదే పని. డెబ్బైల్లో మా ఊరంతా కరెంటు హీటర్ల మోజులో పడ్డాక ఆ పనికి కాలం చెల్లింది. "చలిగాలి దిగుతోంది, గబ్బిలాలు దూరుతున్నాయి, మూసెయ్ ఓవిలా" అని ఒక్కొక్కరే కబురు పెట్టారు. ఇన్నాళ్ళూ తనకు తిండి పెట్టిన గొట్టాలను ఆయన తన చేతులతోనే మూశాడు, గోనెసంచుల్లో గాజుపీచు కుక్కి, కింది నుంచి బిగించి. మొత్తం పందొమ్మిది ఇళ్ళు. ఆ తర్వాత జున్ను ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. మనిషి మంచివాడే కానీ నోట్లోంచి మాట రావాలంటే పటకారు కావాలి.

తొంభై ఎనిమిది జనవరిలో ఆ వాన పట్టుకుంది. పడ్డ చినుకు పడ్డచోటే గడ్డకట్టేది. రెండో రోజుకు కరెంటు తీగలు చేతి మణికట్టంత లావయ్యాయి. మూడో రోజు యమాస్కా నది పక్కనున్న పెద్ద స్తంభాలు వరసగా నడుం విరిగి కూలాయి. రాత్రిళ్ళు ఆకాశం అంచున ఏ శబ్దమూ లేకుండా ఒక పచ్చటి మెరుపు మెరిసేది. మరుక్షణం ఇంకో వీధి చీకటైపోయేది. తర్వాత తుపాకీ పేలినట్టు ఎక్కడో ఒక చెట్టు విరిగేది. ఇళ్ళలో ఫ్రిజ్జు చప్పుడు కూడా లేకపోవడంతో ఎవరి గుండె వాళ్ళకే వినిపించేది.

నాలుగో రోజు పొద్దున ఓవిలా కిటికీ దగ్గర నిలబడి చూశాడు. ఎదురు వీధిలో ఎవరో అటక మీది పాత ఇనుప పొయ్యిని దింపుకుంటున్నారు. ఆ పందొమ్మిది ఇళ్ళలో సగం చేతులు మారాయి. గొట్టాల్లో ఏముందో ఇప్పుడున్నవాళ్ళకు తెలియదు.

బూట్ల అడుగున మేకులు దిగ్గొట్టి, కొక్కెం, తాడు మంచుబండి మీద వేశాడు.

"ఏమయ్యా, డెబ్బై రెండొచ్చాయి. తుంటి విరిగితే నిన్ను మోసేదెవరు?" అంది భార్య ఫెర్నాంద్. ఆమె ఒళ్ళో కొరలీ, పక్కన మోద్. నాలుగేళ్ళ పిల్ల ఒకతి, ఆరేళ్ళది ఒకతి. ఎదురింటి సొలాంజ్ కూతుళ్ళు. వాళ్ళింట్లో పొయ్యి లేదని ఫెర్నాందే వాళ్ళను వంటింట్లోకి తెచ్చుకుంది. సొలాంజ్ పగలంతా బడిలోని శిబిరంలో సూపు కాస్తోంది.

"మూసింది నేను. తెరవాల్సిందీ నేనే," అని ఓవిలా బయల్దేరాడు.

తలుపు తలుపూ తట్టాడు. లుస్యే అనేవాడు జనరేటరును నేలమాళిగలో పెట్టి ఆడిస్తున్నాడు.

"బయట పెడితే దొంగలెత్తుకుపోతారు బాబాయ్!"

"దొంగ దాన్నే ఎత్తుకుపోతాడు. అది ఇక్కడుంటే నిన్నెత్తుకుపోతుంది. లాగు బయటికి!"

ప్రతి ఇంట్లోనూ కొక్కెంతో సంచి లాగి, మసి దులిపి, ఒకే మాట చెప్పాడు. "పొగ కనబడితే దగ్గొస్తుంది, పారిపోతాం. కనబడనిదుందే, అది జోకొట్టి నిద్రపుచ్చుతుంది. కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి." జన్మలో అంత మాట్లాడలేదు. పద్దెనిమిదోది ఆయన చెల్లెలు ఆరోర్ ఇల్లు. ఆమె కిందటేడు పోయింది. ఒక కోటు గొడవలో ఫెర్నాంద్ ఆమెతో ఇరవై రెండేళ్ళు మాట్లాడలేదు, చావుకు కూడా వెళ్ళలేదు. ఆ పొయ్యి దగ్గర ఓవిలా కాస్త ఎక్కువసేపే ఉండిపోయాడు.

పందొమ్మిదోది అయ్యేసరికి నాలుగున్నర. చీకటి పడుతోంది. మలుపు తిరిగి చూస్తే తన ఇంటి గొట్టంలోంచి పొగ నిటారుగా, తెల్లగా లేస్తోంది. హమ్మయ్య అనుకున్నాడు.

అంతలో పైగది కిటికీ చూశాడు. అందులో దీపం వెలుగుతోంది.

అది లూసెట్ గది. తొమ్మిదేళ్ళ కూతురు జ్వరంతో పోయాక ఇరవై మూడేళ్ళుగా ఆ తలుపు ఎవరూ తీయలేదు. ఓవిలా కాళ్ళు మంచుకు అతుక్కుపోయాయి. "లేచావా తల్లీ?" అన్నాడు పైకే. భయం వేయలేదు. ఆశ కలిగింది, అదే ఘోరం.

మరుక్షణం ఆయనకు తెలివి వచ్చింది. ఆ గదిలో చిన్న పొయ్యి ఉంది. దాని కన్నం కూడా ఈ గొట్టంలోకే. అంత్యక్రియల మర్నాడు, ఇంకెవరూ ఆ పొయ్యి ముట్టించకూడదని, ఎవరికీ చెప్పకుండా దాన్ని మూసేశాడు. ఇరవయ్యోది. లెక్కలో తనకు తాను కూడా చెప్పుకోలేదు. కళ్ళకు కనబడే ఆ తెల్లటి పొగ కింది వంటింటిది.

పరిగెత్తబోయి పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. చివరికి మోకాళ్ళ మీద పాకాడు. ఎంత పాకినా ఇల్లు దగ్గరికి రాలేదు.

"పిల్లలేరే?" అన్నాడు తలుపు తోసుకుంటూనే.

"సూపు తాగించి పైన పడుకోబెట్టాను. ఎన్నాళ్ళని ఆ గది మూసుంచుతాం?" అంది ఫెర్నాంద్, బఠాణీ సూపు కలుపుతూ. "తడి కట్టెలైతే పొగొస్తుందని ఇక్కడి నిప్పులే రెండు పారలు వేశాను. ఇంత పొగ కూడా లేదు, చూడు..."

ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

గది వెచ్చగా, హాయిగా ఉంది. లూసెట్ మంచం మీద ఇద్దరు పిల్లలు, బుగ్గలు గులాబీ రంగులో. అంత ముద్దుగా ఎప్పుడూ లేరు. "మోద్!" అని కుదిపితే తల పక్కకు వాలిపోయింది. కొక్కెంతో కిటికీ అద్దం పగలగొట్టి, చెరో చంకనా ఒకరిని ఇరికించుకుని వరండాలోకి దింపాడు. వాన వాళ్ళ మొహాల మీద పడనిచ్చాడు. ముందు కొరలీ ఏడ్చింది. మోద్ ఏడవలేదు. రోడ్డు మీద సొలాంజ్ టార్చిలైటు ఊగుతూ దగ్గరికొస్తోంది. ఫెర్నాంద్ పిల్ల అరికాళ్ళు రుద్దుతూ దేవతలందరినీ తిడుతోంది. ఆ వెలుతురు గేటు దాకా వచ్చేసరికి మోద్ కళ్ళు తెరవకుండానే సూపంతా ఆయన ఒళ్ళో కక్కేసింది. దాన్ని చూసి ఓవిలా భోరుమని ఏడ్చాడు.

అగ్నిమాపక బండి వాళ్ళను శిబిరానికి తీసుకెళ్ళింది. నర్సు ఆక్సిజన్ పెట్టింది. తెల్లారేసరికి గండం గడిచిందని కబురొచ్చింది.

అప్పుడు ఓవిలా పైగదిలోకి వెళ్ళి, పొయ్యి గొట్టం ఊడదీసి, కన్నంలో కొక్కెం పెట్టి లాగాడు. ఫెర్నాంద్ గుమ్మంలో నిలబడింది. గోనెసంచి రాలేదు. మసిపట్టిన ఎర్ర కోటు వచ్చింది, లూసెట్ కోటు.

ఫెర్నాంద్ దాన్ని అందుకుని బొత్తాలు తడిమి చూసుకుంది.

"ఎవరికిచ్చేశావని నిలదీస్తే, ఎవరికీ ఇవ్వలేదు వదినా అని ఆరోర్ నా కాళ్ళు పట్టుకుని చెప్పింది," అంది. "నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

ఓవిలా కొక్కెం కింద పెట్టాడు.

"ఆ మేకుల బూట్లు తొడుక్కో," అంది ఆమె. "నన్ను బండి మీద కూర్చోబెట్టి శ్మశానానికి లాక్కెళ్ళు. నేను ఆరోర్‌తో మాట్లాడాలి."