సీసా మీద ఇంటిపేరు

మా చర్చి సంఘంలో ప్రభు భోజన సంస్కారానికి ద్రాక్షరసం చేసేది మా అమ్మే. కోస్తాలో చిన్న ఊరు మాది. నెలకోసారి, మొదటి ఆదివారానికి ముందు శనివారం, నల్లద్రాక్ష గుత్తులు కడిగి, పెద్ద గిన్నెలో చిదిమి, మూడు పొంగులు వచ్చేదాకా కాచి, ఉతికిన పంచెగుడ్డలో వడగట్టేది. గుడ్డ పిండే పని నాది. నాన్న సంఘపెద్ద. ఇంట్లో బ్రాందీ అనే మాట పొరపాటున దొర్లినా నోరు కడుక్కు రమ్మనేవారు. అలాంటి ఇంట్లో పుట్టి, కెనడా వచ్చి, వైన్ చేసే మనిషినయ్యాను. ఎలా అయ్యావని అడిగినవాళ్ళకి పెద్ద పెద్ద కారణాలేమీ చెప్పలేను. గుడ్డ పిండేటప్పుడు చేతులకి అంటుకునే ఆ వాసన నాకు చాలా ఇష్టం, అంతే.

ఫుడ్ టెక్నాలజీ చదివి, సర్రీలో రెండేళ్ళ డిప్లొమాకి వచ్చాను. ఒక పంజాబీ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకి ఉండేదాన్ని. ఆమె తమ్ముడికి ఒకనాగన్ లోయలో ద్రాక్షతోట ఉంది. సర్రీ నుంచి కొండలు దాటుకుంటూ నాలుగు గంటల పైన డ్రైవ్. కోతలకి మనుషులు చాలడం లేదు, మూడు వారాలు వెళ్తావా అని ఆంటీ అడిగింది. మూడు వారాలకని వెళ్ళాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కోసిన పళ్ళని ట్రాక్టరు మీద పక్కనున్న పెద్ద వైనరీకి తోలేవాళ్ళం. ఒకరోజు నేనూ ఎక్కి వెళ్ళాను. లోపల మనిషికి రెండింతల ఎత్తున స్టీలు ట్యాంకులు. ఒకదాని మూత తీసి ఉంది. నల్లటి తొక్కలన్నీ పైకి తేలి, కింద రసం గుసగుసలాడుతోంది. వాసన చూద్దామని మెట్లెక్కి తల లోపల పెట్టబోయాను. అక్కడి ముసలి వైన్‌మేకర్ వెనక నుంచి నా జాకెట్ కాలరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పులిసేటప్పుడు ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది, తల పెడితే మళ్ళీ తీయవు, వాసన కావాలంటే చేత్తో ముక్కు దాకా విసురుకో అన్నాడు. మర్నాడే వెళ్ళి పని ఇమ్మని అడిగాను. చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు. వైన్ చేయడమంటే ముప్పాతిక భాగం కడగడమే. ట్యాంకులు, పైపులు, పీపాలు, నేల, ఆఖరికి మన బూట్లు. ఇంట్లో అంట్లు తోమనని అమ్మతో పేచీ పెట్టిన దాన్ని, ఏడేళ్ళు అవే తోమాను. మధ్యలో చలికాలాలు సర్టిఫికెట్ కోర్సు చదివాను, ఇక్కడే ఉండిపోవడానికి PR వచ్చింది, అసిస్టెంట్ వైన్‌మేకర్‌నయ్యాను.

ఇంటి దగ్గర మాత్రం జ్యూస్ ఫ్యాక్టరీ అనే చెప్పాను. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు, సర్రీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి విశ్వాస కుటుంబం అన్నారు. ఆ అబ్బాయికి మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అది జ్యూస్ ఫ్యాక్టరీ కాదండీ, వైన్ కంపెనీ. రోజూ నోట్లో పోసుకుని రుచి చూస్తాను. మింగను, ఉమ్మేస్తాను" అన్నాను ఫోన్‌లో.

అవతల నవ్వు వినిపించింది. "మా అమ్మకి మాత్రం చెప్పకండి" అన్నారు. ఆ నవ్వు విని పెళ్ళికి ఒప్పుకున్నాను.

తర్వాత ఎప్పుడో మా అమ్మకి తెలిసింది. తిట్టలేదు. "ఉమ్మేసేదానికి అంత కష్టపడి చెయ్యడమెందుకే?" అంది. ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఆ ప్రశ్నకి సరైన జవాబు ఇంకా దొరకలేదు.

మా కాపురం రెండు చోట్ల సాగింది. ఆయన సర్రీలో, నేను లోయలో. మొదట కోతల మూడు నెలలే అనుకున్నాం. తర్వాత ఏడాదిలో ఎక్కువ భాగం అలాగే అయింది. పాప పుట్టింది, పెరిగింది, బడికి దగ్గరని ఆయన దగ్గరే ఉండిపోయింది. పాప పుట్టినరోజు అక్టోబరులో. సరిగ్గా ఎర్రద్రాక్ష పులిసే రోజులు. కేకు కోయడం నేను ఎక్కువసార్లు చూసింది ఫోన్‌లోనే. "ఇట్స్ ఓకే మామ్, గో చెక్ యువర్ ట్యాంక్స్" అనేది. వెటకారం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. తోటలో నేనుండే ట్రెయిలర్‌లో ఇడ్లీ పిండి రుబ్బి, పులవడానికి ఓవెన్‌లో లైటు వేసి పెట్టుకునేదాన్ని. పిండి పొంగిందా, రసం పొంగిందా అని రెండూ నేనే చూసుకునేదాన్ని. మాట్లాడటానికి మనిషి లేక ట్యాంకులతో తెలుగులో మాట్లాడిన రోజులున్నాయి. ఆ ట్యాంకుల్లో ఒకటి మొండిది. దాన్ని బాగా తిట్టేదాన్ని.

పంజాబీ ఆంటీ తమ్ముడికి పెద్దతనం వచ్చి, చెరువు వైపు దిగే రెండెకరాలు నన్ను చూసుకోమన్నారు. నా పాత వైనరీ వాళ్ళు ఒక మూల నాలుగు పీపాలు పెట్టుకోనిచ్చారు. సొంత లేబుల్ పెడదామని అప్పుడు మనసులో పడింది. వద్దు, ఉద్యోగం చాలు అని మా ఆయన అన్నారు. విన్లేదు. అంతకుముందు చలికాలం కోర్సు వద్దన్నప్పుడూ, ట్రెయిలర్ వద్దన్నప్పుడూ విన్లేదు. ఆ లోయలో చిన్న లేబుళ్ళన్నీ కుటుంబాలవే. సీసా మీద ఇంటిపేరు, వెనక తాతగారి కథ, ట్రాక్టరు మీద పిల్లల ఫోటో. మా ఇంటిపేరు కూడా అలా ఒక సీసా మీద చూడాలని నాకు గట్టి కోరిక. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ రెండెకరాల్లో మొదటి పంట కోసిన వారం ఆయనా పాపా వచ్చారు. మా తెలుగు సంఘం సర్రీలో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆరాధన చేస్తుంది. ప్రభు బల్ల దగ్గర రొట్టె, రసం పంచే పెద్దల్లో ఆయన ఒకరు. ఈసారి సంస్కారానికి మన తోట రసం పంపుతాను అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడే పిండిన రసం రెండు క్యానుల్లో పోసి ఇచ్చాను. కాచలేదు. కాస్తే పులవదు గానీ పండు రుచి చచ్చిపోతుంది. నా పండు ఎలా ఉంటుందో అందరూ ఉన్నదున్నట్టు రుచి చూడాలని నా గొప్ప. "ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండి" అని మాత్రం రెండుసార్లు చెప్పాను.

ఫ్రిజ్ నిండా ఆదివారం భోజనాలకని చేసిన కూరల ట్రేలున్నాయట. అక్టోబరు చలే కదా, గరాజ్ కూడా ఫ్రిజ్ లాంటిదే అనుకున్నారు. గరాజ్‌లో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన పెట్టారు. మూడు రోజులు.

ఆ ఆదివారం నేను తెల్లవారకముందే బయల్దేరి ఆరాధనకి అందుకున్నాను. ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. ట్రే వచ్చింది. చిట్టి ప్లాస్టిక్ కప్పు చేతిలోకి తీసుకున్నాను. ముక్కు దగ్గరికి రాకముందే పులిసిందని తెలిసిపోయింది. సన్నటి బుడగలు కప్పు అంచున పాకుతున్నాయి. లేచి ఆపండి అనాలి. అనలేదు. అరవై మంది కళ్ళు మూసుకుని ఉన్నారు. ప్రార్థన అయింది. అందరూ తాగారు.

ముందు వరసలో ఒక అంకుల్ గొంతు సవరించుకున్నారు. వెనక నుంచి ఒక పిల్ల "మమ్మీ, ఇట్స్ స్పైసీ" అంది గట్టిగా. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మా సంసారం ఇంకోలా ఉండేదేమో.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు మమ్మల్ని వంటగది వైపు పిలిచారు. చాలా మెల్లగా అడిగారు. "సిస్టర్, మీ వృత్తి సంగతి మాకు తెలుసు. దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ బల్ల మీదికి..."

తెలిసి వైన్ తెచ్చాననుకుంటున్నారని అర్థమైంది. నేను మా ఆయన వైపు చూశాను. గరాజ్‌లో పెట్టానండీ అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. ఆయన నేల వైపు చూస్తూ నిలబడ్డారు. నేను మాత్రం ఏం చేశాను? కాచలేదండీ, మా అమ్మయితే కాచేది అని చెప్పానా? గొంతు దాకా వచ్చింది. ఆయన చెప్పకపోతే నేనెందుకు చెప్పాలని మింగేశాను. ఉమ్మేయడం బాగా వచ్చినదాన్ని, అవసరమైన చోట మింగాను.

ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళు బల్ల పంచే పని నుంచి విశ్రాంతి తీసుకోమని పాస్టరు గారు మా ఆయనతో అన్నారు. తర్వాతి నెల నుంచి కొట్లో కొన్న రసం వచ్చింది.

కార్లో గొడవ పడ్డాం. ఇంట్లో పిండి పులిస్తే సంతోషం, రసం పులిస్తే పాపమా అని అరిచాను. ఆయన అరవలేదు. సిగ్నల్ దగ్గర కారాగినప్పుడు, "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. మా ఇంటిపేరు మాత్రం ఆ సీసా మీద వెయ్యకు" అన్నారు.

సరే, నా పుట్టింటి పేరుందిగా అనుకుని నాన్నకి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "నువ్వు పాపం చేశావని నేననను తల్లీ. కానీ మన పేరు వద్దమ్మా. ఇక్కడ సంఘంలో నేను తల ఎత్తుకోవాలిగా" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే.

వైన్ పీపాల్లో పద్దెనిమిది నెలలుంది. పీపాలో వైన్ ఊరికే ఉండదు. నెలనెలా కొంత ఆవిరైపోతుంది, ఆ వెలితి నింపుతూ ఉండాలి. లేకపోతే గాలి చేరి పుల్లబడుతుంది. నెలకోసారి వెళ్ళి నింపి వచ్చేదాన్ని. సర్రీకి మాత్రం అంత క్రమంగా వెళ్ళలేదు. ఒక చలికాలం మంచు దెబ్బకి తోటలో మొగ్గలు చాలావరకు చచ్చిపోయాయి. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి కూడా నాలుగు రోజులు పట్టింది. ఫోన్లలో మాటలు అవే. తిన్నావా? తిన్నాను. చలుందా? ఉంది. పాప చదువుతోందా? చదువుతోంది. ఆయన మీద కోపం ఉండేది. కోపం కంటే ఆయన లేని దిగులు ఎక్కువగా ఉండేది. అప్పట్లో ఎవరైనా అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు.

లేబుల్ డిజైన్ చేసే అమ్మాయి "ఫ్యామిలీ నేమ్?" అని అడిగింది. ఇంగ్లీషులో ఫ్యామిలీ అని, దాని కింద తెలుగులో కుటుంబం అని వెయ్యమన్నాను. "ఎవరి కుటుంబం?" అంది. "అంతే" అన్నాను.

సీసాల్లో నింపడానికి ఇక్కడ ఒక లారీ వస్తుంది, లోపల మెషీనంతా ఉంటుంది. చిన్నవాళ్ళం రోజు చొప్పున పిలిపించుకుంటాం. ఆ రోజు ఆరుగురు మనుషులు కావాలి. ఖాళీ సీసాలు పెట్టేవాళ్ళు, నిండినవి పెట్టెల్లో సర్దేవాళ్ళు. కుటుంబాలున్నవాళ్ళకి అత్తలూ మామలూ మనవలూ అంతా వచ్చి పండగలా చేస్తారు. నాకు పంజాబీ ఆంటీ, ఆమె మరదళ్ళిద్దరు వస్తామన్నారు. నాతో నలుగురం. ఆయనా పాపా నేనూ ఉన్న వాట్సాప్ గ్రూపులో "శనివారం బాట్లింగ్. ఇంకో ఇద్దరు కావాలి" అని పెట్టాను. ఇద్దరూ చూసినట్టు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

శనివారం పొద్దున ఏడింటికి లారీ వెనకే ఆయన కారు వచ్చింది. పాప నిద్రకళ్ళతో దిగింది. ఆయన చేతిలో పులిహోర డబ్బా. "ఎక్కడ నిలబడమంటావ్?" అని మాత్రం అడిగారు. పాపని ఖాళీ సీసాల దగ్గర, ఆయన్ని ఆఖర్న పెట్టెల దగ్గర నిలబెట్టాను. మెషీన్ చప్పుడుకి మాటలేవీ వినబడవు. నాకదే బాగుందనిపించింది. మధ్యాహ్నం దాకా ఆయన సీసా తీసుకోవడం, పెట్టెలో దింపడం, మళ్ళీ తీసుకోవడం. తలెత్తలేదు. ఆ వేగంలో లేబుల్ చదివే తీరిక లేదు ఎవరికీ.

భోజనాలప్పుడు పెట్టెల మీద కూర్చున్నాం. ఆయన పులిహోర కలుపుతూ, "గరాజ్ సంగతి పోయిన నెల పాస్టరు గారికి చెప్పాను" అన్నారు.

"ఇప్పుడెందుకు?"

"చెప్పాలి కదా."

"కాచకపోవడం నా తప్పే" అన్నాను. ఏడాదిన్నర గొంతులో ఉన్న మాట, పులిహోర ముద్దతో పాటు తేలిగ్గా వచ్చేసింది. ఆయన తలాడించారు. నా ప్లేటులో ఇంకొంచెం వడ్డించారు.

అప్పుడాయన పక్క పెట్టెలోంచి ఒక సీసా తీశారు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ముందువైపు చూశారు. వెనక్కి తిప్పారు. మళ్ళీ ముందుకి తిప్పారు.

"మన ఇంటిపేరేదీ?"

"మీరే వద్దన్నారుగా."

"అన్నాను." సీసా ఇంకా తిప్పుతూనే ఉన్నారు. "నా మాట ఎప్పుడు విన్నావు నువ్వు? ఇది మాత్రం వింటావని నేననుకోలేదు."

లారీ అతను మెషీన్ ఆన్ చేశాడు. అందరం లేచాం. లేబుళ్ళ చుట్ట అప్పటికి సగం అయిపోయింది. మిగతా సగం కూడా అలాగే అంటించాం.