మారిన నంబర్ల బల్ల

నంబరమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. కూర మాడిందని ఎప్పుడో ఒకసారి భర్త సణిగితే, చాలా నెమ్మదిగా "అయితే రేపు మీరు వండండి" అంది. బస్సు కండక్టరుగా పదిమందిని గదమాయించే ఆ మనిషి మర్నాడు నోరెత్తకుండా వండిపెట్టాడు. అత్తగారు మాత్రం భయపడేది కాదు. ఇంట్లో అడిగితే కసురుతుంది, ఊళ్ళోవాళ్ళకి ఫోనులో తేనె పోస్తుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

అందులో అబద్ధం లేదు. ఇరవై రెండేళ్ళు నంబరమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో, మెట్ల కింద చిన్న గదిలో, మారిన నంబర్ల బల్ల దగ్గర కూర్చుంది. ఎవరి ఫోనయినా తీసేసినా, నంబరు మారినా, ఆ పాత నంబరు తీగను మెకానిక్ తెచ్చి ఆమె బల్లకు కలిపేవాడు. ఆ తర్వాత ఎవరైనా ఆ నంబరు తిప్పితే బల్ల మీద చిన్న దీపం వెలిగేది. "ఏ నంబరు తిప్పారండీ?" అని అడిగి, పక్కనున్న చెక్కపెట్టెలోంచి కార్డు తీసి చూసేది. తెల్లకార్డయితే నంబరు మారింది, కొత్తది ఇదిగో. పసుపుకార్డయితే కొన్నాళ్ళు ఆపారు, మళ్ళీ వస్తుంది. నీలమయితే ఇక రాదు. నీలంకార్డుల్లో కొన్నిటికి మూల పెన్సిలుతో చిన్న చుక్క ఉండేది. అంటే మనిషే పోయాడని. అప్పుడు మాత్రం "మీరు వారికి ఏమవుతారండీ?" అని ముందు అడిగి, ఆ జవాబును బట్టి మాట కూర్చుకునేది. ఆ చుక్క పెట్టమని ఆమెకు ఏ రూలూ చెప్పలేదు.

అలాంటి గదిలోకి కొత్త ఆఫీసరు అడుగుపెట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? వచ్చిన వారానికే గడియారం పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. ఒక్కో ఫోనుకు ఆమెకు నిమిషం పడుతోందట. టేపు మెషీనయితే పది సెకన్లలో చెప్పి పంపేస్తుందట. ఏం చెబుతుందని అడిగితే, కాగితం మీద రాసి తెచ్చిన ఒకే ఒక్క వాక్యం చూపించాడు. "ఈ నంబరు వాడుకలో లేదు." తెల్లకార్డుకూ అదే, పసుపుకూ అదే, నీలానికీ అదే. ఉన్నవాళ్ళనూ పోయినవాళ్ళనూ ఒకే గాటన కట్టేశాడు మహానుభావుడు. మరి నంబరు మారినవాళ్ళ సంగతేమిటంటే, జనం డైరెక్టరీ చూసుకుంటారన్నాడు. ఆ డైరెక్టరీ అచ్చయి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళలో సగం ఊరు ఇళ్ళు మారింది. ఈ మాట కూడా ఆమె చెప్పింది. వినేవాడికి కదా చెప్పాలి!

గోరుచుట్టు మీద రోకలిపోటు ఏమిటంటే, ఆ వాక్యం చదవడానికి ఆయన ఆమె గొంతునే ఎంచుకున్నాడు. ఊరికి అలవాటైన గొంతట. చదవనని ఆమె చెప్పవలసింది. చెప్పలేదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు, ఇన్నేళ్ళ ఉద్యోగం, మనకెందుకు తలనొప్పి అనుకుని మైకు ముందు కూర్చుని మూడుసార్లు చదివింది. మూడోది బాగుందన్నారు. తర్వాత ఆమెను దరఖాస్తులు తీసుకునే కౌంటరుకు మార్చారు. కార్డుల పెట్టె బీరువా మీదికి ఎక్కింది. నంబరమ్మకు కోపం వచ్చింది. ఆ కోపమంతా ఆఫీసరు మీదేనని అనుకుంది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం కౌంటరు ముందుకు తాళాల మేస్త్రి వచ్చాడు. డెబ్భై ఏళ్ళవాడు, వేళ్ళనిండా ఆకురాయి గాట్లు. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు కానీ అతని కార్డు చూసింది. తెల్లకార్డు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం కొట్టేస్తే, కూరగాయల బజారు వెనక్కి మారాడు. నంబరూ మారింది. అతను ఇచ్చిన దరఖాస్తు ఫోను తీసేయమని. కారణం రాయవలసిన గీత మీద వంకర అక్షరాలతో "ఎవరూ చేయడం లేదు" అని ఉంది.

అదేమిటని అడిగింది. దుకాణం మారిన కొత్తలో మూడు నెలలు ఫోను ఎప్పటిలాగే మోగిందని, తర్వాత కత్తితో కోసినట్టు ఆగిపోయిందని చెప్పాడు. తన కళ్ళు మందగించాయని జనం ఇంకెవరినో చూసుకున్నారనుకున్నాడు. దుకాణం మూసేసి, కూతురి ఇంట్లో ఒక మూల పడి ఉందామని నిన్న పొద్దున ఈ కాగితం రాసుకున్నాడు. నిన్న సాయంత్రమే బజారులో ఒకావిడ అతన్ని చూసి అక్కడికక్కడే తిట్లకు లంకించుకుంది. ఆవిడ మూడేళ్ళ కూతురు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటే తాళం పడిపోయిందట. లోపల పొయ్యి మీద పాలు. మేస్త్రికి ఫోను చేస్తే, లేదని ఫోనులో ఆడగొంతు చెప్పిందట. ఇక తలుపు పగలగొట్టారు. తలుపు వెనకే పిల్ల ఉంది. చెయ్యి రెండుచోట్ల విరిగింది.

"ఉన్నవాడివి లేవని ఎందుకు చెప్పించావయ్యా అంది నన్ను," అన్నాడు మేస్త్రి. అంటూనే కౌంటరు మీది ఫోను ముందుకు లాక్కుని, తన పాత నంబరు తిప్పి, రిసీవరు ఆమెకిచ్చాడు.

ఈ నంబరు వాడుకలో లేదు. చక్కగా, స్పష్టంగా, తేనెలాగే ఉంది ఆ గొంతు.

"నీదే కదమ్మాయ్? మూడు నెలలు అందరికీ నా కొత్త నంబరు చెప్పింది నువ్వే. వేరే ఎవరన్నా చెబితే ఆవిడ ఇంకోచోట వాకబు చేసుకునేదేమో. నువ్వు చెప్పావు గనక నమ్మేసింది."

నంబరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసరు మీద మండింది, కాగితం మీది ఆ వాక్యం మీద మండింది, అన్నిటికన్నా ఎక్కువగా నోరు మూసుకుని మైకు ముందు కూర్చున్న తన మీద మండింది. మేస్త్రిని బెంచీ మీద కూర్చోబెట్టి, దరఖాస్తు పట్టుకుని తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. గొంతు ఎంత తగ్గిందంటే ఆయన ముందుకు వంగి వినవలసి వచ్చింది.

"వాడుకలో లేని మనిషి బయట కూర్చున్నాడు సార్. వచ్చి చూడండి."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. సంగతి పైకి రాస్తానన్నాడు. జవాబు రావడానికి ఒకటి రెండు నెలలు పడుతుందన్నాడు. అంతదాకా ఎవరూ టేపు ముట్టుకోకూడదన్నాడు.

"ఆ మాట మీది, మీ గొంతుతోనే చెప్పుకోండి. నా గొంతు నాకిచ్చేయండి."

"మెమో ఇస్తానమ్మా."

"ఇవ్వండి. సంతకం పెట్టి తీసుకుంటాను."

స్టూలెక్కి బీరువా మీది పెట్టె దించుకుంటే నాలుగు నెలల దుమ్ము నెత్తిన పడింది. మెకానిక్ ఆమె మొహం చూసి టేపు పెట్టి మైకు ముందుకు జరిపాడు. ఈసారి కాగితం లేదు. "ఈ నంబరు మారి ఉండవచ్చు. ఫోను పెట్టేయకండి, చూసి చెబుతాను" అంది. ఒక్కసారే చెప్పింది. బాగుందో లేదో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. మెకానిక్ తీగలు మళ్ళీ బల్లకు కలిపేలోగానే మెమో టైపయి వచ్చింది. పెట్టె మీదే పెట్టుకుని సంతకం చేసింది. మేస్త్రి దరఖాస్తు మడిచి అతని జేబులో పెట్టి, వెళ్ళి దుకాణం తెరవమని పంపించింది.

మధ్యాహ్నానికి దీపం వెలిగింది. అవతల ఎవరో పెద్దాయన. ఏ నంబరని అడిగితే మేస్త్రి పాత నంబరే చెప్పాడు. ఆమె తెల్లకార్డు తీసి, ఆయన ఉన్నారండీ, రాసుకోండి అని కొత్త నంబరు చెప్పింది. అవతల పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది.

"మొన్న లేడన్నారు కదమ్మా?"

"అబద్ధమండీ," అంది నంబరమ్మ. "నేనే చెప్పాను."