జాయ్ వాయించే చోటు

యూనివర్సిటీ బ్యాండు మాస్టరుగా రిటైరైనా, చెన్నప్ప ఇస్త్రీ కోటు లేకుండా కదిరి బజారుకు రాడు. "గవర్నరే లేచి చప్పట్లు కొట్టినాడప్పా నా బ్యాండుకు!" అని టీ అంగట్లో రోజూ చెప్పాల్సిందే. చెప్పినంతసేపూ కుడిచేతి వేళ్లు గాలిలో తాళం వేస్తానే ఉంటాయి.

ఆ బ్యాండులో క్లారినెట్ వాయించిన జాయ్ చనిపోతే, నిండు బ్యాండుతో సాగనంపుతానని అతని భార్య ఎలిజబెత్‌కు మాటిచ్చినాడు. వానల్లేక ఊళ్లో బ్యాండు వాయించేవాళ్లంతా బెంగళూరుకు కూలికి పోయినారు. వచ్చింది ముగ్గురే. సమాధుల దారిలో, పాట నడుమ, ఆ ముగ్గురినీ సైగ చేసి ఆపినాడు. తన చేయి మాత్రం తాళం వేస్తానే ఉండింది. పెట్టె మోసేవాళ్లూ నిలబడిపోయినారు.

"ఏమన్నా, అప్పుడే అయిపోయిందా?" అని అడిగింది ఎలిజబెత్.

"లేదమ్మా. పాటలో ఇది జాయ్ ఒక్కడే వాయించే చోటు. వాడిని ముగించనీ," అన్నాడు చెన్నప్ప, చేయి దించకుండా.