ఓడ దగ్గర కూడా బేరమే

మీరు బేరాలాయన్ని ఒక్కసారైనా కలిసి తీరాలి. పాత ఫర్నిచరు కొట్టు ఆయనది. ఎవరేం ధర చెప్పినా "సరేలెండి, మీ ఇష్టం" అని వెనక్కి తిరిగి మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోవడం ఆయన విద్య. అవతలివాడు "సార్, రండి రండి" అని పిలిచేదాకా తల తిప్పడు. తిప్పితే బేరం చచ్చినట్టే. పళ్ళ డాక్టరు దగ్గర కూడా నోరు తెరిచినవాడు తెరిచినట్టే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. పిలిచారు మరి.

ఆయన భార్యకి ఒకటే కోరిక, ఓడ ఎక్కాలని. కొట్టు వెనక గదిలో ఏళ్ళ తరబడి సోఫాలకి గుడ్డలు కుట్టి, డబ్బు దాచుకుని, టికెట్లు తనే కొనేసింది. అలా బేరమాడే అవకాశం చేజారిపోయేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది.

"ఎలాగూ రేవుదాకా వెళ్తున్నాం. రెండ్రోజులు ముందే పోయి చవగ్గా సిటీ చూసేద్దాం. ప్లానంతా నాకొదిలెయ్" అన్నాడు.

వదిలేసింది. హోటల్లో కిటికీ లేని గది తీసుకుని, లేని కిటికీకి డిస్కౌంటు కొట్టించాడు. మ్యూజియం బయట్నుంచే చూపించాడు. "లోపలేముంటుందే? పాత సామానేగా. మన కొట్లో లేదా?" పడవ షికారు వంతెన మీద నిలబడి చూశారు, పడవలో వాళ్ళకి చేతులూపుతూ.

ఆమెకి ఓడ ఎక్కితే చాలు.

ఓడ బయల్దేరే రోజు హోటల్ ముందు టాక్సీ ఆగింది. డ్రైవరు రేటు చెప్పాడు. ఆమె ఎక్కి కూర్చుంది. బేరాలాయన పెట్టె లాక్కుంటూ వెనక్కి తిరిగి నడక మొదలెట్టాడు.

"అమ్మా, సారు రారా?"

"మీరు పిలిస్తే వస్తారు బాబూ."

"నేనెందుకు పిలుస్తానమ్మా? మీరు దిగితే అదిగో, ఆ పార్టీ ఎక్కుతుంది."

"ఏవండీ" అని ఆమే పిలిచింది. పెళ్ళాం పిలుపు లెక్కలోకి రాదు. ఆయన తల తిప్పకుండానే, వీపు వెనక చెయ్యి పెట్టి ఆగమని సైగ చేశాడు.

"పోనివ్వండి" అందామె. ఆయన పక్కకి రాగానే ఆపించి అద్దం దించింది. "ఎక్కండి."

"తగ్గించాడా?"

"లేదు."

నడుస్తూనే ఉన్నాడు. ఇద్దరి టికెట్లూ ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి. టాక్సీ సాగిపోయింది.

రేవులో జనమంతా ఎక్కేశారు, మెట్ల కింద నిలబడ్డ ఆమె తప్ప. ఓడ తలుపు దగ్గర ఉద్యోగం చేసే అమ్మాయి గడియారం చూసుకుంటోంది. అప్పుడు దిగాడు బేరాలాయన, దూరంగా, కూరగాయల వ్యానులోంచి. దిగి, ఆ డ్రైవరుతో కూడా ఏదో అని, అలవాటుగా వెనక్కి తిరిగి నడిచాడు. ఓడకి వీపు తిప్పి.

ఆమె ఒక్క క్షణం చూసింది. గొంతు ఎత్తలేదు. టికెట్లు చేత్తో పట్టుకుని, తనూ వెనక్కి తిరిగి, ఓడ మెట్ల మీద మెల్లగా నడవడం మొదలెట్టింది.

కాసేపటికి వినబడింది. "ఏమేవ్, ఆగు." తర్వాత పెట్టె చక్రాల చప్పుడు, పరుగు. వ్యాను డ్రైవరు "సార్, మీ చిల్లర" అని అరుస్తున్నాడు. ఆయన ఆగలేదు. జన్మలో మొదటిసారి.

ఆమె తల తిప్పలేదు.

"మేడం, తలుపు వేసెయ్యాలి" అంది ఆ అమ్మాయి. "ఆయన మీవారేనా? రానివ్వమంటారా?"

మీరైతే ఏమనేవారు?