పడిపోయేవాళ్ళ చొక్కాలు

ఇందుకూరుపేటలో మా చర్చి క్రిస్మస్ నాటకానికి పదేళ్ళుగా రచయిత్రినీ దర్శకురాలినీ నేనే. రాయమని అడిగినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. ఏటా నెత్తిన టవలు చుట్టుకున్న గొల్లలు, బంగారు కాగితం కిరీటాల జ్ఞానులు, ఏడుపు ముఖంతో ఒక దేవదూత. ఆ ఏడు నాకు విసుగు పుట్టింది. హైస్కూల్లో సోషల్ టీచర్ని, అంత చరిత్ర చేతిలో పెట్టుకుని ఇంకా గొర్రెలు కాయడమేమిటనిపించింది.

క్రూసేడుల మీద నాటకం రాసేశాను. యూరప్ నుంచి శిలువ గుర్తు అంగీలు తొడుక్కుని బయల్దేరిన సైన్యం, ఆ నడక, ఆకలి, చివరికి యెరూషలేము కోట. ఎనిమిది మంది వీరులు కత్తులు పైకెత్తి మోకరించగానే తెర పడుతుంది. రాస్తున్నంతసేపూ నాకే ఒళ్ళు పులకరించింది. కోట పట్టుకున్నాక ఊళ్ళో జనాన్ని నరికేశారన్న సంగతి నాకు తెలియనిది కాదు. దానికీ ఒక వాక్యం రాశాను: "పట్టణ ప్రజలు పడిపోతారు."

గుడ్డ తీసుకుని బజార్లో దర్జీ భాయ్ దగ్గరికి వెళ్ళాను. మా నాటకాల బట్టలన్నీ ఆయన కుట్టినవే. ఆయనకొక పద్ధతి ఉంది. వేషం వేసేవాళ్ళు స్టేజీ మీద ఏం చేస్తారో చెప్పందే కత్తెర పట్టడు. దేవదూత చేతులెత్తాలంటే చంకలు వదులు చేస్తాడు, రాజు మోకరించాలంటే ముందువైపు కాస్త ఎత్తి కుడతాడు. నన్ను విసిగించడానికే పుట్టాడని సణుక్కునేదాన్ని గానీ, ఆయన కుట్టినది స్టేజీ మీద ఒక్కసారీ చిరగలేదు.

"ఎనిమిది అంగీలు భాయ్, గుండె మీద ఎర్ర శిలువ" అన్నాను.

"వీళ్ళు ఏం చేస్తారు టీచరమ్మా?"

"కత్తి తిప్పుతారు."

"అయితే చంక వదులు. ఎవురి మీద తిప్పుతారు?"

"ఆ ఊరోళ్ళ మీద."

"ఆ ఊరోళ్ళు ఎవురు?"

చంక కొలతకూ ఈ ప్రశ్నకూ ఏం సంబంధమో నాకర్థం కాలేదు. అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆయన మెడలో టేపు వేసుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చూస్తున్నాడు.

"మీవాళ్ళే భాయ్. యూదులు గూడా ఉన్నారు" అని, "తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాటలే" అన్నాను తొందర తొందరగా.

ఆయన నా సంచిలోకి తొంగి చూశాడు. "మరి వాళ్ళ గుడ్డ ఏదీ?"

"వాళ్ళకి కొత్తవెందుకు భాయ్? ఇళ్ళల్లో ఉండే లుంగీలు, టోపీలు చాలు. ఊరికే పడిపోయేవాళ్ళే గదా."

అనేశాక చూశాను. ఆయన లుంగీ కట్టుకుని ఉన్నాడు. నెత్తిన టోపీ ఉంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. క్రూసేడుల ఫలితాలని ఏటా పిల్లలచేత రాయిస్తాను: వ్యాపారం పెరిగింది, పట్టణాలు పెరిగాయి, ప్రభువుల బలం తగ్గింది, తూర్పు దేశాల విద్య పడమరకు చేరింది. ఒక దండయాత్రలో సాటి క్రైస్తవుల నగరాన్నే దోచుకున్నారని కూడా, టైముంటే చెబుతాను. చచ్చినవాళ్ళు నా ఫలితాల్లో ఎప్పుడూ లేరు. ఆ సంగతి బోర్డు ముందు ఒక్కనాడూ తట్టలేదు నాకు.

భాయ్ కొలతల పుస్తకం తెరిచాడు. "వాళ్ళ కొలతలు గూడా పంపించండి. పడేటప్పుడు చొక్కా పైకి లేస్తాది. పొట్ట కనపడకుండా పొడుగ్గా కుడతా."

"వద్దు భాయ్, నాటకమే మానేస్తాను."

"మానుకోబాకండి. జరిగింది జరిగిందే గదా, పిల్లోళ్ళకి తెలియాల." పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "ఒక్కటే. ఏటా నాకు ముందు వరసలో కుర్చీ ఏస్తారు గదా, ఈసారి ఏయబాకండి. వెనక నిలబడతా."

ఇంటికొచ్చి ఆ ఒక్క వాక్యాన్నీ రెండు పేజీలు చేశాను. పడిపోయేవాళ్ళలో ఒకడు రొట్టెలు కాల్చేవాడయ్యాడు, ఒకామె నీళ్ళకు వెళ్ళి వస్తున్నదయ్యింది. అంతా బాగా చేశాననుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

నాటకం రోజున కుర్చీ ముందు వరసలోనే వేయించాను. ఆయన అందులో కూర్చోలేదు. వచ్చి, చెప్పులు విడిచేచోట నిలబడ్డాడు. స్టేజీ మీద కత్తులు లేచాయి, రొట్టెలవాడు పడ్డాడు, నీళ్ళ మనిషి పడింది, ఒక్క చొక్కా పైకి లేవలేదు. పక్కన తెర తాడు పట్టుకుని ఉన్న నేను దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నావైపు చూడలేదు. అక్కడి నుంచి స్టేజీ సరిగా కనపడదు. చప్పట్లు కొడుతున్న మావాళ్ళ చేతులే కనపడతాయి.